ఒక్కో కౌంటర్‌కి ఒక్కో పుట్టినరోజు: పెట్రాపోల్ క్యూ చెప్పిన కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక క్యూ గురించి. రాజు లేడు, కోట లేదు, కత్తి యుద్ధం లేదు. క్యూ, అంతే. "క్యూ గురించి ఎపిసోడ్ ఏంటన్నా, ఎవడు చూస్తాడు" అని మా ఎడిటింగ్ తమ్ముడు ఇప్పటికే మొహం ముడుచుకున్నాడు. చూద్దాం.

కోల్‌కతా నుంచి ఈశాన్యంగా దాదాపు 80 కిలోమీటర్లు వెళ్తే పెట్రాపోల్ అని ఒక ఊరొస్తుంది. దాని అవతల ఊరి పేరు బెనాపోల్. పేర్లు వింటే అన్నదమ్ముల్లా ఉంటాయి కదా. మధ్యలో ఒక గేటు. ఇటు ఇండియా, అటు బంగ్లాదేశ్. రెండు దేశాల మధ్య 4,096 కిలోమీటర్ల బోర్డర్ ఉన్నా, రోడ్డు మీద జరిగే వ్యాపారంలో పెద్ద వాటా ఈ ఒక్క గేటు గుండానే పోతుంది. మనుషులూ అంతే.

2018 ఫిబ్రవరి 19, సోమవారం. నలుగురం ఫ్రెండ్స్ ఈ గేటు దాటి ఢాకా వెళ్లాం. ఎందుకంటే ఫిబ్రవరి 21. 1952లో అదే రోజు ఢాకాలో, బెంగాలీని కూడా పాకిస్తాన్ అధికార భాష చెయ్యాలని ఊరేగింపు తీసిన విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఇప్పుడు ప్రపంచమంతా మాతృభాషా దినోత్సవం జరుపుకునేది ఆ తారీఖునే. అదే 1952 డిసెంబర్ 15న మద్రాసులో పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్షలో ప్రాణం విడిచారు, ఆ మరుసటి ఏడాది అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. భాష కోసం మనుషులు చచ్చిపోయిన రెండు ఊళ్లు, ఒకే సంవత్సరం. అందుకే ఢాకాలో ఆ రోజు చూడాలని నాకెప్పటి నుంచో ఉండేది. 1952 అన్న సంఖ్య గుర్తుపెట్టుకోండి, ఇంకోసారి వస్తుంది.

మా నలుగురిలో ఒకడు ఖరగ్‌పూర్ తెలుగువాడు. రైల్వే ఉద్యోగాల కోసం వెళ్లి ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, మీలో కొందరికి తెలిసే ఉంటుంది. వీడి ముత్తాత వెళ్లాడు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ. మాకు వాడే గైడు, వాడే దుబాసీ. మేమంతా వాణ్ని బావా అనే పిలుస్తాం, ఎవరికీ బావ కాకపోయినా.

సియాల్దా స్టేషన్లో పొద్దున్నే లోకల్ ఎక్కితే రెండు గంటల్లో బొన్‌గావ్. అక్కడి నుంచి షేర్ ఆటోలో పెట్రాపోల్. తొమ్మిదిన్నరకి చేరిపోయాం. అటుపక్క బెనాపోల్ బస్టాండ్ అర కిలోమీటరు కూడా ఉండదు. "పదిన్నరకి అవతల టిఫిన్" అన్నాడు మాలో ఒకడు. బావ ఏమీ మాట్లాడలేదు, సంచిలోంచి మరమరాల పొట్లం తీసి వాడి చేతిలో పెట్టాడు.

గేటు దగ్గరికి రాకముందే రోడ్డు పక్కన లారీలు కనిపించాయి. పది ఇరవై అనుకోకండి. ఆటోలో వెళ్తుంటే లారీలు, లారీలు, ఇంకా లారీలు. వాటి మధ్యలో ఏపీ 07 నంబరు కనపడగానే మేం ఆటో ఆపించేశాం. గుంటూరు బండి! లోడు ఎండుమిర్చి. గుంటూరు మిర్చి కొనే దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటి, వాళ్ల కూరల్లో కారం మనదేనన్నమాట. డ్రైవరన్న బండి కింద స్టవ్ పెట్టి అన్నం వండుకుంటున్నాడు. తెలుగు వినపడగానే గరిటె పట్టుకునే బయటికొచ్చాడు.

"ఎన్నాళ్లయింది అన్నా వచ్చి?"

"గుంటూరు నుంచి ఇక్కడికి మూడు రోజులు తమ్ముడూ. ఇక్కడి నుంచి ఆ గేటుకి పదకొండు రోజులు. ఇంకా అయిపోలా."

నేను జోక్ అనుకున్నా. ఆయన నవ్వలేదు. పార్కింగ్ డబ్బులు, తిండి, బండి తిరగకపోతే ఓనర్‌కి పడే నష్టం, అన్నీ లెక్క చెప్పాడు. ఆయన కూతురి ఓణీల ఫంక్షన్ ఆ వారంలోనే ఉందట. వెళ్లలేనని ఇంటికి ఫోన్ చేసి చెప్పేశానన్నాడు. బియ్యం ఉడికే చప్పుడు తప్ప కాసేపు ఎవరం ఏం మాట్లాడలేదు.

తర్వాత చదివితే ఆయన చెప్పింది వింతేం కాదని తెలిసింది. 2021లో ప్రపంచ బ్యాంకు ఒక రిపోర్టు వేసింది. పెట్రాపోల్–బెనాపోల్ దగ్గర సరుకు బోర్డర్ దాటడానికి 138 గంటలు పడుతోందని అందులో రాశారు. అందులో 28 గంటలు ఒక దేశం లారీలోంచి దించి ఇంకో దేశం లారీలోకి ఎక్కించడానికే. తూర్పు ఆఫ్రికాలో ఇలాంటి బోర్డరే ఆరు గంటల్లోపు దాటిపోతున్నారు. మనకంటే డబ్బున్న దేశాలేం కాదవి.

సరే, మా క్యూకి వద్దాం. పెట్రాపోల్‌లో ఇప్పుడున్నది 2016 జులైలో రెండు దేశాల ప్రధానులు, బెంగాల్ ముఖ్యమంత్రి కలిసి వీడియోలో ప్రారంభించిన ఇంటిగ్రేటెడ్ చెక్‌పోస్ట్. పెద్ద హాలు, స్కానర్లు, వరసగా కౌంటర్లు. ఆఫీసర్లు బాగానే పనిచేస్తున్నారు. కానీ ముందు నాలుగైదు వందల మంది ఉన్నారు. వాళ్లలో మాలాగా ఊరు చూడ్డానికి వెళ్లేవాళ్లు తక్కువ. ఎక్కువమంది చేతుల్లో పెద్ద పెద్ద ఎక్స్‌రే కవర్లు. కోల్‌కతా, వెల్లూరు, చెన్నై, హైదరాబాద్‌లలో వైద్యం చేయించుకుని ఇంటికి తిరిగి వెళ్తున్న బంగ్లాదేశ్ జనం. 2019 లెక్క చూస్తే, ఇండియాకి వచ్చిన విదేశీయుల్లో అందరికంటే ఎక్కువమంది బంగ్లాదేశీయులే, 25 లక్షలు దాటారు. తాజ్‌మహల్ ముందు ఫొటో దిగే తెల్లవాళ్లే విదేశీ టూరిస్టులని మన ఊహ. అసలు బొమ్మ ఇక్కడుంది, ఎక్స్‌రే కవరు పట్టుకుని.

మా ముందు ఒక పెద్దాయన, ఆయన భార్య. ఆవిడ మోకాళ్లకి హైదరాబాద్‌లో ఏదో ఆపరేషన్ అయింది, చక్రాల కుర్చీలో ఉంది. మా తెలుగు వినగానే పెద్దాయన వెనక్కి తిరిగి "నొప్పి ఎక్కడ?" అన్నాడు. మేం బిత్తరపోయాం. ఆయనకొచ్చిన తెలుగు అంతే. మూడు వారాలు రోజూ నర్సు అడిగిన ప్రశ్న అదేనట. "చాచా, ఇంకేమన్నా వచ్చా?" అని బావ బెంగాలీలో అడిగితే, "నీళ్లు", "రేపు రండి" అన్నాడు. ఆసుపత్రి తెలుగు అంతా వచ్చేసినట్టే.

వయసు 78 అన్నాడు. ఊరు బెనాపోల్ అవతల దగ్గర్లోనే. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో బొన్‌గావ్ సంతకి నడిచి వచ్చేవాడట, వారం వారం. "అప్పుడు క్యూ ఎక్కడుండేది చాచా?" అని నేను తమాషాకే అడిగా. ఆయన సీరియస్‌గానే చెప్పాడు. "క్యూ లేదు. ఒకరోజు నాన్న ఇంటికొచ్చి, ఇక సంతకి కాగితం కావాలన్నాడు. అప్పుడు నాకు పన్నెండేళ్లు."

78లోంచి లెక్క వేసుకోండి. 1952.

ఇప్పుడు హిస్టరీలోకి వెళ్దాం. మనందరికీ స్కూల్లో ఏం చెప్పారు? 1947లో దేశం రెండు ముక్కలైంది, బోర్డర్ పడింది. నేనూ అలాగే అనుకునేవాణ్ని. ఆ ఆగస్టు రాత్రి ఒక గోడ లేచిందేమో అన్నట్టు. పడమట, పంజాబ్‌లో అది చాలా వరకు నిజమే. అక్కడ ఘోరంగా జరిగింది, జరిగింది కూడా వేగంగా, 1948లోనే పర్మిట్లు పెట్టేశారు. బెంగాల్ వైపు అలా జరగలేదు. గీత పడ్డాక ఐదేళ్ల పాటు మనుషులు ఇటు అటు పాస్‌పోర్టు లేకుండానే తిరిగారు. జెస్సోర్‌లో ఇల్లు, కలకత్తాలో ఉద్యోగం. పండక్కి ఇంటికి, సెలవులయ్యాక మళ్లీ ఆఫీసుకి. ఇండియా, పాకిస్తాన్ అనే రెండు దేశాల మధ్య ఇది నడిచిందంటే ఈరోజు నమ్మబుద్ధి కాదు.

1952 అక్టోబర్ 15న పాస్‌పోర్టు పద్ధతి వచ్చింది. పాస్‌పోర్టు, దాని మీద వీసా. వీసాల్లో కూడా రకాలు, బోర్డర్ పక్కన ఉండి అవతల పని ఉన్నవాళ్లకి ఒక రకం, మిగతావాళ్లకి ఇంకో రకం. ఆ తారీఖు ముందు వారాల్లో జనం ఎగబడ్డారు. తలుపు మూసేస్తున్నారంటే ఎవరికైనా అదే కదా బుద్ధి పుట్టేది: ఇప్పుడు వెళ్లకపోతే ఇక వెళ్లలేమేమో అని. అప్పటిదాకా ఇటా అటా అని తేల్చుకోని కుటుంబాలు ఒక్క నెలలో తేల్చుకోవాల్సి వచ్చింది. మీ తాతగారి ఊరు, మీ నాన్నగారి ఉద్యోగం, రెంట్లో ఏది కావాలో చెప్పమన్నట్టు.

అంటే మేం నిలబడ్డ ఇమిగ్రేషన్ కౌంటర్ పుట్టినరోజు 1947 ఆగస్టు కాదు. 1952 అక్టోబర్ 15. ఇది వెలిగాక మిగతావాటి పుట్టినరోజులు కూడా వెతకాలనిపించింది. చేతిలో ఫోన్ ఉంది, ముందు 300 మంది ఉన్నారు. ఇంకేం పని చెప్పండి?

అన్నట్టు పాస్‌పోర్టు అనేదే మనకి అంత పాతది కాదు. మన విశాఖ, కాకినాడ వైపు నుంచి వేలమంది కూలి పనికి స్టీమరెక్కి రంగూన్ వెళ్లేవాళ్లు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలోనే ఒక భాగం, 1937లో విడదీశారు. మా నలుగురిలో ఒకడి తాతమ్మ రంగూన్‌లో పుట్టింది, ఆవిడ జీవితంలో పాస్‌పోర్టు చూసి ఉండదు. "మా తాతమ్మ ఫారిన్ రిటర్న్‌డ్" అని వాడు గొప్పలు చెప్తుంటాడు.

స్టాంపు పడేసరికి పన్నెండు దాటింది. తర్వాత కస్టమ్స్. బ్యాగులు స్కానర్‌లో పెట్టాలి. ఈ కౌంటర్ అన్నకి వయసు ఎక్కువ. దీని పుట్టినరోజు 1948 మార్చి 1. విడిపోయాక కొన్ని నెలలు సరుకులు పాత పద్ధతిలోనే తిరగాలని రెండు ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి. ఆ గడువు ఫిబ్రవరి చివరి రోజుతో అయిపోయింది. మర్నాటి నుంచి పాకిస్తాన్ మనకి సుంకాల లెక్కలో పరాయి దేశం.

దీని వెనకున్న గొడవ జనపనార. బెంగాల్‌లో మంచి జనపనార పండేది తూర్పున. మిల్లులన్నీ కలకత్తా చుట్టూ, హుగ్లీ నది గట్టున. మధ్యలో గీత. పంట ఒక దేశంలో, మిల్లు ఇంకో దేశంలో. కందిపప్పు ఒకింట్లో, కుక్కర్ ఇంకో ఇంట్లో ఉన్నట్టు. పాకిస్తాన్ తన జనపనార మీద ఎగుమతి సుంకం వేసింది. 1949 సెప్టెంబర్‌లో బ్రిటన్ పౌండు విలువ తగ్గిస్తే ఇండియా రూపాయి విలువ తగ్గించుకుంది, పాకిస్తాన్ తగ్గించలేదు. ఒక్క రాత్రిలో వంద పాకిస్తానీ రూపాయలకి మన 144 రూపాయలు. ఆ రేటు మేం ఒప్పుకోం అని ఢిల్లీ, తగ్గేదే లేదని కరాచీ. వ్యాపారం దాదాపు ఆగిపోయింది. పండించిన రైతు అక్కడ కూర్చున్నాడు, మిల్లు కూలీ ఇక్కడ కూర్చున్నాడు.

మనవాళ్లకి ఈ సుంకాల గేట్లు కొత్త కాదులెండి. నిజాం రాజ్యానికి సొంత కస్టమ్స్ శాఖ ఉండేది, కరోడ్గిరి అనేవాళ్లు. బెజవాడ నుంచి హైదరాబాద్‌కి సరుకు పోవాలంటే సుంకం. తెలుగువాళ్ల నుంచి తెలుగువాళ్లకి పోయే సరుకు మీదే. తేడా ఏంటంటే మన గేటు పోయింది.

1950 మొదట్లో రెండు బెంగాల్‌లలో మతకల్లోలాలు. లక్షలమంది కదిలారు. ఆ ఏప్రిల్ 8న నెహ్రూ, పాకిస్తాన్ ప్రధాని లియాఖత్ అలీఖాన్ ఢిల్లీలో ఒప్పందం చేసుకున్నారు. అందులో ఒక చిన్న అంశం నన్ను పట్టేసింది. పారిపోతున్నవాళ్లు తమతో ఎంత డబ్బు తీసుకెళ్లొచ్చు? పెద్దవాళ్లకి తలా 150 రూపాయలు. పిల్లలకి 75. ఒంటి మీద నగలు ఉంచుకోవచ్చు. కస్టమ్స్ వాళ్లు వేధించకుండా చూడ్డానికి ప్రతి పోస్టు దగ్గరా అవతలి దేశం ఆఫీసర్ ఒకడుండాలి. ఇలా రాసుకున్నారంటే అప్పటిదాకా ఆ బల్లల దగ్గర ఏం జరుగుతూ ఉండేదో మీరే ఊహించుకోండి. ఊరు వదిలి, పొలం వదిలి వచ్చిన మనిషి మూట విప్పి, ఇంకేం దాచావని అడగడం. మా బ్యాగుల్లోంచి బయటపడింది రెండు ఆవకాయ సీసాలు. ఆఫీసర్ మూత దగ్గర వాసన చూసి, నవ్వి, పంపించేశాడు.

గమనించారా? మేం క్యూలో ముందుకి వెళ్తున్నకొద్దీ సంవత్సరాలు వెనక్కి పోతున్నాయి. 2016, 1952, 1948. ఇక గేటు. 1947.

గేటు అవతల కొంచెం ఖాళీ జాగా ఉంటుంది, రెండు దేశాల మధ్య. మేం వెళ్లినప్పుడు అక్కడ వెదురు కర్రలతో ఏదో కడుతున్నారు. అప్పట్లో ఏటా ఫిబ్రవరి 21న రెండు వైపుల జనం అక్కడ కలుసుకుని పూలు పెట్టి, భాష కోసం పోయినవాళ్లని తలుచుకునేవాళ్లు. ఆ ఏర్పాట్లు. అదే చోట సాయంత్రాలు రెండు దేశాల జవాన్లు జెండాలు దించే కవాతు కూడా ఉండేది. ఒకే జాగా, రెండు పనులకీ.

ఈ గీత గీసింది సిరిల్ రాడ్‌క్లిఫ్, లండన్ లాయర్. అంతకు ముందు ఇండియాలో అడుగుపెట్టలేదు. 1947 జులై 8న వచ్చాడు. పంజాబ్, బెంగాల్ రెండూ ఐదు వారాల్లో తేల్చమన్నారు. ఒక్కో కమిషన్‌లో నలుగురు జడ్జీలు, ఇద్దరు కాంగ్రెస్ వైపు, ఇద్దరు ముస్లిం లీగ్ వైపు. వాళ్లెలాగూ ఒక మాట మీదికి రారు, కాబట్టి ఆఖరి మాట రాడ్‌క్లిఫ్‌దే. 1941 జనాభా లెక్కలు, మ్యాపులు ముందేసుకుని గీశాడు. పోయేముందు కాగితాలు తగలబెట్టేశాడు, ఫీజు కూడా తీసుకోలేదు. ఆయన మీద కోపం తెచ్చుకోవడం చాలా తేలిక, అందరూ చేసే పనే. నాకైతే ఐదు వారాలు టైమిచ్చిన వాళ్ల మీద ఎక్కువ కోపం.

ఇంకో సంగతి. గీత ఆగస్టు 15కి ముందే తయారైంది, కానీ బయటపెట్టింది 17న. అంటే రెండు రోజులు స్వతంత్రం వచ్చింది కానీ ఏ దేశంలో ఉన్నామో బోర్డర్ జిల్లాల జనానికి తెలీదు. ఖుల్నాలో హిందువులు సగానికి కాస్త ఎక్కువ, మనం ఇండియానే అని మూడు రంగుల జెండా ఎగరేశారు. ముర్షిదాబాద్‌లో ముస్లింలు ఎక్కువ, అక్కడ పాకిస్తాన్ జెండా ఎగిరింది. 17న చూస్తే రివర్స్. ఖుల్నా పాకిస్తాన్‌కి, ముర్షిదాబాద్ ఇండియాకి. కలకత్తా రేవుకి నీళ్లిచ్చే నది ముర్షిదాబాద్ మీదుగా వస్తుంది, అందుకని ఇలా చేశారని చరిత్రకారులు చెప్తారు. నదియా జిల్లాలో కొన్ని ఊళ్లు ఇప్పటికీ ఆగస్టు 18న కూడా జెండా ఎగరేస్తాయి. మేము ఇండియాలోకి వచ్చింది ఆ రోజని.

జెస్సోర్ జిల్లా నిలువునా చీలింది. బొన్‌గావ్, గాయిఘాటా ఠాణాలు ఇటు, మిగతాది అటు. చాచా వాళ్ల సంత ఒక దేశంలో, ఇల్లు ఇంకో దేశంలో అలా పడ్డాయి. అయినా చెప్పాను కదా, ఐదేళ్లు నడుస్తూనే ఉన్నారు. కాగితం మీద గీత వేరు, కాళ్లకి అడ్డం పడే గీత వేరు. రెండోదాన్ని రాడ్‌క్లిఫ్ గీయలేదు. జనపనార, రూపాయి రేటు, అల్లర్లు, పాస్‌పోర్టు, ఇలా ఒక్కో గొడవకీ ఒక్కో బల్ల తెచ్చి వేశారు. గొడవ తీరాక బల్ల తీసెయ్యడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

రైళ్లు చూడండి. బొన్‌గావ్ మీదుగా ఖుల్నాకి రైలు 1880ల నుంచి ఉంది. దేశాలు రెండైనా, పాస్‌పోర్టులు వచ్చినా, సియాల్దా నుంచి బరిశాల్ ఎక్స్‌ప్రెస్ ఇదే దారిలో వెళ్లేది. 1965 సెప్టెంబర్ యుద్ధంతో ఆగింది. యుద్ధం జరిగింది పదిహేడు రోజులు. కోల్‌కతా, ఢాకాల మధ్య మళ్లీ ప్యాసింజర్ రైలు నడిచింది 2008 ఏప్రిల్ 14న, వేరే దారిలో, మైత్రీ ఎక్స్‌ప్రెస్. 43 ఏళ్లు! ఈ పెట్రాపోల్ దారిలో బంధన్ ఎక్స్‌ప్రెస్ వచ్చింది 2017 నవంబర్‌లో. మేం వెళ్లేనాటికి అది గురువారాలే. మాది సోమవారం.

అవతల బంగ్లాదేశ్ ఇమిగ్రేషన్‌లో ఇంకో క్యూ. చాచా వాళ్లు తమ దేశం వాళ్ల లైన్లోకి వెళ్లారు. కుర్చీ మెట్టు దాటించడానికి మావాళ్లిద్దరు సాయం పట్టారు. ఆవిడ కుర్చీలోంచే మాకు చెయ్యి ఊపి "రేపు రండి" అంది.

మా వంతు వచ్చాక ఆఫీసర్ అడిగాడు, ఏం పని మీద? "ఏకుషే" అన్నాడు బావ. ఇరవై ఒకటి అని అర్థం, అక్కడ ఆ ఒక్క మాట చాలు. ఎక్కడివాళ్లని అడిగితే ఆంధ్రా, తెలంగాణ అన్నాం. "మీది కూడా భాష పేరు మీద వచ్చిన రాష్ట్రమే కదా" అన్నాడు. ఆయనకెలా తెలుసో. నాకు ఆ మాట ఇప్పటికీ ఇష్టం.

బయటికొచ్చి గడియారం చూస్తే రెండు. టిఫిన్ అన్నవాడు "నాలుగున్నర గంటలే" అన్నాడు. బావ బస్టాండ్ గోడ గడియారం చూపించాడు, రెండున్నర. బంగ్లాదేశ్ టైము మనకంటే అరగంట ముందు. ఐదు గంటలన్నమాట, చివరి అరగంట బోర్డర్ ఊరికే పట్టుకుపోయింది.

అక్కడి నుంచి పాత జెస్సోర్ రోడ్డు. రెండు వైపులా కొమ్మలు కలిసిపోయి పందిరి వేసిన పెద్ద పెద్ద చెట్లు. కాళీ పొద్దార్ అనే జమీందారు, తన తల్లి గంగాస్నానానికి నీడలో వెళ్లాలని ఈ రోడ్డు వేయించి చెట్లు నాటించాడని కథ చెప్తారు. 1971లో ఈ చెట్ల కిందే జనం ఇండియా వైపు నడిచారు. పాకిస్తాన్ సైన్యం మార్చి 25 రాత్రి ఢాకాలో మొదలుపెట్టాక ఆ ఏడాది దాదాపు కోటి మంది శరణార్థులు ఇండియాలోకి వచ్చారు. వాళ్లలో ఎంతోమంది ఈ దారినే. వానాకాలంలో సిమెంటు గొట్టాల్లో, చెట్ల కింద కాపురాలు. అమెరికన్ కవి అలెన్ గిన్స్‌బర్గ్ సెప్టెంబర్‌లో వచ్చి చూసి ఈ రోడ్డు పేరు మీదే కవిత రాశాడు. డిసెంబర్ 6న జెస్సోర్ విముక్తి అయింది, 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, వచ్చినవాళ్లలో అత్యధికులు ఇదే రోడ్డు మీద తిరిగి వెళ్లారు.

కోటిమంది కోసం ఆ ఏడాది ఈ గేటు తెరుచుకుంది. పాస్‌పోర్టు చూపించమని ఎవరూ అడగలేదు. కొత్త దేశం పుట్టింది, ఇండియాకి స్నేహితుల దేశం. సరే, ఇప్పుడైనా బల్లలు తీసేశారా అంటే, లేదు. పాస్‌పోర్టు ఉంది, వీసా ఉంది, కస్టమ్స్ ఉంది. నేపాల్‌కి మనం ఓటర్ కార్డుతో వెళ్లిపోతాం. ఇక్కడ మాత్రం పాకిస్తాన్ కోసం వేసిన బల్లలు, పాకిస్తాన్ పోయాక కూడా అలాగే ఉండిపోయాయి. స్మగ్లింగ్ ఉంది, దొంగచాటుగా వచ్చేవాళ్లున్నారు, చెకింగ్ వద్దని నేనూ అనను. కానీ మోకాలి ఆపరేషన్ అయిన ఆవిడకి, మిర్చి లారీకి, స్మగ్లర్‌కి ఒకటే క్యూ ఏంటి? స్మగ్లర్ అసలు క్యూలో నిలబడడు కదా.

మేం తిరిగొచ్చాక జరిగింది కూడా చెప్పాలి. 2020 మార్చిలో కోవిడ్‌తో రైళ్లు ఆగాయి, 2022 మేలో మళ్లీ మొదలయ్యాయి. 2024 జులైలో బంగ్లాదేశ్ విద్యార్థుల ఆందోళన అప్పుడు మళ్లీ ఆగాయి. ఆగస్టు 5న షేక్ హసీనా దేశం వదిలి వచ్చేశారు. ఆ తర్వాత ఇండియా వీసాలు బాగా కోసేసింది, వైద్యం లాంటి అత్యవసరాలకే, అవీ తక్కువ. సరిగ్గా అప్పుడు, 2024 అక్టోబర్ 27న, పెట్రాపోల్‌లో కొత్త ప్యాసింజర్ టెర్మినల్ ప్రారంభమైంది. పెద్దది, ఏసీది. సరుకు లారీల కోసం ఇంకో గేటు కూడా తెరిచారు, పేరు మైత్రీ ద్వార్. హాలు పెద్దదయ్యేసరికి దానిలో నిలబడే జనం తగ్గిపోయారు.

చాచా నంబరు బావ దగ్గరుంది. ఆవిడకి రెండో మోకాలి ఆపరేషన్ కూడా హైదరాబాద్‌లోనే అనుకున్నారట. వీసా దొరకలేదు. ఢాకాలో చేయించారు, బాగానే నడుస్తోందని కబురు పెట్టాడు. మిర్చి డ్రైవరన్న నంబరు తీసుకోవడం తట్టలేదు మాకు.

ఇదే బోర్డర్ మీద ఇంకా పైకి, కూచ్‌బెహార్ దగ్గర, ఇండియా లోపల బంగ్లాదేశ్ ముక్కలు, బంగ్లాదేశ్ లోపల ఇండియా ముక్కలు ఉండేవి. మొత్తం 162. ఒకచోటైతే బంగ్లాదేశ్ లోపల ఇండియా ముక్క, దాని లోపల బంగ్లాదేశ్ ముక్క, దాని లోపల మళ్లీ ఇండియాకి చెందిన ఒక పొలం. 2015 జులై 31 అర్ధరాత్రి వాటిని మార్చుకున్నారు. అక్కడ పుట్టినవాళ్లకి అప్పటిదాకా ఏ క్యూలో నిలబడాలో కూడా తెలీదు. వచ్చే ఎపిసోడ్ వాళ్లది. ఉంటా.